కాలని గుడ్డ

నిప్పక్కకు జబ్బు చేసిందని తెలిశాక వీధి వీధంతా ఉన్నట్టుండి మంచిదైపోయింది. ఆమెకు ఒళ్ళు మండేది అక్కడే. మొన్నటిదాకా కాలరు మీద ముడత ఉందని కొట్టు ముందు నిలబడి అరగంట వాదించిన మనుషులు, ఇప్పుడు పళ్ళ సంచి పట్టుకుని వచ్చి గొంతు తగ్గించి "ఎలా ఉందక్కా?" అని అడుగుతుంటే, ఆ పళ్ళు తీసి వాళ్ళ నెత్తినే కొట్టాలనిపించేది.

"ఎలా ఉంటుంది? చావుకి రెడీగా ఉన్నాను. మీ చొక్కాలు మాత్రం ఎల్లుండికిస్తాం," అనేది.

వచ్చినవాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళేవారు. పళ్ళు వదిలేసి వెళ్ళేవారు కాబట్టి మనవరాలికి మాత్రం లోటు లేదు.

నిప్పక్క అన్నది వీధి పెట్టిన పేరు. ఇస్త్రీ కొట్టు నడుపుతుంది కాబట్టి సగం, ఆమె నోట్లో నోరు పెట్టి ఎవరూ బతికి బట్టకట్టలేదు కాబట్టి సగం. మొగుడు పోయినప్పుడు కూతురు చంకలో ఉంది. ఏడవడానికి తీరిక దొరక్క, కొట్టు పెట్టి చొక్కాల మీద కసి తీర్చుకుంది. ముందు బొగ్గుల పెట్టెతో, ఆ తర్వాత కరెంటు పెట్టెతో. ముందు గది కొట్టు, వెనక గది కాపురం. మధ్యలో ఒక తలుపు. అంతే ఆమె లోకం. ఆ లోకంలో ముడత అనేది కనిపిస్తే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

అలాంటి మనిషికి కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. తర్వాత ఆయాసం. వీధి చివరి కుళాయి దాకా నడిచి వచ్చేసరికి కుక్కలా రొప్పడం. ఆసుపత్రిలో డాక్టరమ్మ వీపులోంచి సూది గుచ్చి, పాలులేని టీ రంగులో ఉన్న నీళ్ళు సీసా నిండా తీసింది. ఇంకోసారి లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆ తర్వాత పిలిచి కూర్చోబెట్టి, మీసోథీలియోమా అంది.

"అంత పొడుగు పేరు నాకెందుకమ్మా, నోరు తిరగదు. క్యాన్సరా కాదా, అది చెప్పు."

"క్యాన్సరేనమ్మా."

"ఊపిరితిత్తికా?"

"తిత్తికి కాదు. తిత్తి చుట్టూ పల్చటి పొర ఉంటుంది, కోటుకి లోపల లైనింగ్ వేసినట్టు. దానికొచ్చింది. అందుకే అక్కడ నీరు చేరుతోంది, తిత్తి విచ్చుకోనివ్వట్లేదు."

లైనింగ్ సంగతి నిప్పక్కకు ఒకరు చెప్పాలా? లైనింగ్ ముడుచుకుపోయిన కోటుకి పైన ఎంత ఇస్త్రీ కొట్టినా అది నిలబడదు. అలాంటి కోట్లు ఆమె ఎన్నో వెనక్కిచ్చేసింది, నావల్ల కాదని చెప్పి.

"ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో ఎప్పుడైనా పనిచేశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనా? పుట్టి బుద్ధెరిగాక ఇస్త్రీ పెట్టె తప్ప ఇంకోటి పట్టుకోలేదు."

"పోనీ ఇంట్లోవాళ్ళు? లేకపోతే మీ కొట్లో... బల్ల మీద ఏం పరుస్తారు?"

"మా అన్నయ్య ఇచ్చిన గుడ్డ. కాలదు," అంది నిప్పక్క, ఎప్పట్లాగే కాస్త గొప్పగా.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపేసింది. ఆ ఆపడం చూడగానే నిప్పక్కకు విషయం సగం అర్థమైంది. మిగతా సగం డాక్టరమ్మ చెప్పింది. ఆ గుడ్డలో నూలు లేదు, ఆస్బెస్టాస్ అనే రాతి పీచు ఉంది. దులిపినప్పుడల్లా కంటికి కనిపించని ముళ్ళు లేచి గాలిలో ఉంటాయి. లోపలికెళ్ళినవి కరగవు, కుళ్ళవు, బయటికి రావు. కొందర్ని ఏమీ చెయ్యవు. కొందర్ని ఇరవై ముప్పై ఏళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుని, అప్పుడు పట్టుకుంటాయి. ఎవర్ని వదులుతాయో, ఎవర్ని పట్టుకుంటాయో ఎవరూ చెప్పలేరు.

"దాన్ని దులపకండి, చింపకండి, కత్తిరించకండి. తడిపి, పైన ప్లాస్టిక్ కప్పి, ఆ గది మూసెయ్యండి. మున్సిపాలిటీకి చెబితే దానికి వేరే మనుషులొచ్చి తీసుకెళ్తారు. అమ్మా, ఆ గదిలో ఇప్పుడెవరున్నారు?"

ఆ గదిలో కూతురు ఉంది. బల్ల కింద, ఆ గుడ్డ అంచులు డేరాలా వేలాడే చోట, నాలుగేళ్ళ మనవరాలు ఉంది. ఆ అంచుల నుంచి తెల్లటి పోగులు లాగి బొమ్మకు జుట్టు పెడుతోంది.

ఆ గుడ్డ ఇచ్చినవాడు నిప్పక్క అన్నయ్య. నిప్పక్క కూతురు చిన్నప్పుడు ఆయనకు పెట్టిన పేరు పిండి మామ, ఎందుకంటే డ్యూటీ దిగి వచ్చేటప్పుడు పిండి బస్తాలో పడి లేచినట్టు కనుబొమ్మల దాకా తెల్లగా ఉండేవాడు. బాయిలర్లకు చుట్టే తాళ్ళూ గుడ్డలూ నేసే ఫ్యాక్టరీలో చేరి, ఆ షెడ్డుకే మేస్త్రీ అయి, అది మూతపడేదాకా ఉన్నాడు. ఇంటికి ఎప్పుడూ ఉత్త చేతులతో వచ్చేవాడు కాడు. బేకరీ వాడికి పొయ్యి దగ్గర పట్టుకోవడానికి ఒక ముక్క, వెల్డింగ్ షాపు వాడికి తెర కట్టుకోవడానికి ఒక ముక్క. చెల్లెలికైతే ఏకంగా బల్ల నిండా సరిపోయే తాను. పాతబడితే కొత్తది. "మంటకి కూడా మనమంటే భయం" అనేవాడు. కాలుతున్న పెట్టెను దానిమీద బోర్లా పెట్టేసి ఎంతసేపు మర్చిపోయినా మచ్చ పడేది కాదు.

శుభ్రమంటే నిప్పక్కకు పిచ్చి. రోజూ పొద్దున కొట్టు తెరవగానే ఆ గుడ్డను బల్ల మీంచి లాగి, గుమ్మంలో నిలబడి నాలుగు దులుపులు దులిపేది. ఎండలో తెల్లటి నలుసులు తేలుతుంటే చూడ్డానికి బాగుండేది కూడా. చివర్లు పీచులు లేస్తే కత్తెరతో సమంగా కత్తిరించేది. దుమ్ము పోగొడుతున్నాననుకుని రోజూ దాన్నే మింగింది. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే కూతురికి అంతా చెప్పింది. కూతురు ఏడ్చింది, తల్లి కాళ్ళు పట్టింది, మందులు వేళకి ఇచ్చింది. గుడ్డను మాత్రం తియ్యలేదు.

"మామయ్యనడిగానమ్మా. ఆయన నవ్వాడు. ఆయుష్షంతా దాంట్లోనే పొర్లాను, నాకేమైందని అడిగాడు. నిజమే కదా? దాంతో వచ్చేదైతే ముందు ఆయనకి రావాలి కదా? నీది బొగ్గుల పొగ అంటున్నాడు."

"డాక్టరమ్మ చదువుకున్నదా, మీ మామయ్య చదువుకున్నాడా?"

"డాక్టరమ్మ ఆ ఫ్యాక్టరీ మొహం చూసిందా? మామయ్య చూశాడు. మున్సిపాలిటీ వాళ్ళని పిలిస్తే కొట్టుకి తాళమేసి పోతారు. మళ్ళీ ఎప్పుడు తీస్తారో, తీసినా ఆ కొట్లో ఏదో విషం ఉందటగా అని జనం రారు. నీ మందులకి, పాపకి, మనకి ఉన్నది ఈ బల్లొక్కటేనమ్మా."

నిప్పక్క ఒకసారి తనే లేచి వెళ్ళి గుడ్డ మీద చెయ్యి వేసింది. లాగితే దుమ్ము లేస్తుంది, లేస్తే పాప పీలుస్తుంది. తడపడానికి నీళ్ళ సీసా అందుకోబోతే ఆయాసం పట్టుకుని అక్కడే కూలబడింది. కూతురు ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, ఆ రోజు నుంచి మధ్య తలుపుకి అవతల గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది. నోటితో ఊరినంతా ఏలిన మనిషి, సొంత కూతుర్ని ఒప్పించలేక మంచం మీద పళ్ళు నూరుతూ పడుకుంది.

కూతురికి ఇప్పుడు మామయ్య మాటే వేదం. తండ్రి మొహం తెలియని పిల్లకు ఆయనే బళ్ళో చేర్పించాడు, ఆయనే పెళ్ళి చేశాడు. కాబట్టి ఆ మాట ఆయన నోటే మారాలి. నిప్పక్కకు ఇది బాగా తెలుసు. అందుకే ఒక మధ్యాహ్నం ఆయనకు కబురు పెట్టింది.

ఆయన వస్తున్నట్టు వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. ఈల వేసుకుంటూ వస్తాడు. ఆ వయసులో అంత పొడుగు ఈల, ఎక్కడా తెగకుండా. మంచం మీద నాలుగు దిండ్లకు ఆనుకుని గుక్క గుక్కగా గాలి తెచ్చుకుంటున్న నిప్పక్కకు ఆ ఈల వింటే తోడబుట్టినవాణ్ణి గొంతు పిసకాలనిపించేది. ఇది పాపమని ఆమె అనుకోలేదు.

"నన్ను ముందు గదిలో కూర్చోబెట్టు. మీ మామయ్యతో అక్కడే మాట్లాడతా," అంది కూతురితో, ఆ రోజు ఈల వినిపించగానే. కూతురు కాసేపు నసిగి, మామయ్య ఉంటాడు కదా అని, కుర్చీలో కూర్చోబెట్టింది.

బల్ల మీద సగం మడత పెట్టిన ప్యాంటు ఉంది. పెట్టె వేడిగా, గుడ్డ మీద బోర్లా ఉంది. బల్ల కింద నుంచి పాప బొమ్మతో మాట్లాడుతున్న గొణుగుడు వినిపిస్తోంది.

"ఏంటే, కబురు పెట్టావట?" అన్నాడు పిండి మామ, స్టూలు లాక్కుంటూ.

"నీ నోటితో దానికి చెప్పు. ఈ గుడ్డ మంచిది కాదని చెప్పు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"చెప్పు అన్నయ్యా. ఆ ఒక్క ముక్క చెప్పేసి నీ దారిన నువ్వు ఈల వేసుకుంటూ పో."

"లేని రోగం దానికంటగట్టమంటావు. నా చూపు చూడు, నా నడక చూడు. మూడంతస్తులు ఎక్కి దిగినా రొప్పు రాదు. ఆ దుమ్ములో అన్నం తిన్నానే నేను. దుమ్ము కూరలో పడితే పక్కకి తోసి తిన్నాను."

"నిన్ను వదిలేసింది. నన్ను పట్టుకుంది. అందర్నీ పట్టుకోదని డాక్టరమ్మ చెప్పింది."

"మరి ఇంకేం? పట్టుకుంటే దానివల్ల, పట్టుకోకపోతే కూడా దానివల్లేనా? బాగుంది లెక్క."

"మీ షెడ్డులో ఎంతమంది దగ్గుతూ పోలేదు? మగ్గాలు నడిపేవాడు, వాడి తమ్ముడు..."

"వాళ్ళు బీడీలు తాగేవాళ్ళు!" అని అరిచాడు. "ఎవడు పోయినా ఫ్యాక్టరీ మీదే తోస్తారా? ఆ ఫ్యాక్టరీ అన్నం పెట్టింది. నీ మొగుడు పోతే నీకు ఈ బల్ల పెట్టించింది ఆ జీతమే. కన్నతల్లి లాంటి దాన్ని పట్టుకుని విషం అంటావా? అంటే నేను విషం తెచ్చి తోడబుట్టినదానికి పెట్టాననా?"

"అవును. పెట్టావు," అంది నిప్పక్క. కుండ బద్దలు కొట్టినట్టు అనేసింది గానీ, ఆ రెండు మాటలకే ఊపిరి అయిపోయి, కుర్చీ చేతులు పట్టుకుని ఒంగిపోయింది.

కూతురు పరిగెత్తుకొచ్చి వీపు రాసింది. "ఎందుకమ్మా ఇదంతా? మామయ్యా, నువ్వైనా ఊరుకోవయ్యా."

"ఊరుకోను. ఇవాళ తేలిపోవాలి," అంటూ ఆయన లేచాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. పెట్టె స్విచ్చి ఆపి, తీసి పక్కన ఇనప కాళ్ళ మీద పెట్టాడు. ప్యాంటును కుర్చీ మీదకు విసిరాడు. "దులుపుతా. మీ అందరి ముందూ దులుపుతా. ఎవరు చస్తారో చూద్దాం."

"వద్దు!" అని నిప్పక్క అరిచిందనుకుంది. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. లేవబోయింది. "పాప... కింద పాప..." అని చెయ్యి చూపిస్తోంది గానీ కూతురు ఆమె భుజాలు పట్టుకుని కూర్చోబెడుతోంది.

"దులపనీ అమ్మా. ఒక్కసారి చూస్తే నీ భయమే పోతుంది," అంది కూతురు. ఆ మాటకు నిప్పక్కకు కూతురి మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరిమీదా రాలేదు.

పిండి మామ గుడ్డ అంచును కుడి చేతికి చుట్టుకున్నాడు. బల్ల మీంచి సగం లేపి, చెయ్యి పైకెత్తాడు. తన డేరా లేచిపోయేసరికి పాప బల్ల కింద నుంచి తల బయటపెట్టి, "తాతయ్యా, నా ఇల్లు!" అంది.

అప్పుడు జరిగింది చాలా చిన్న సంగతి.

ఆయన మొహం ఎడమ భుజం వైపుకి తిరిగిపోయింది. పెదాలు బిగుసుకున్నాయి. బుగ్గలు కొద్దిగా పొంగాయి. ఎడమ చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి, పాప ముక్కూ నోరూ కలిపి గట్టిగా మూసేసింది.

అలాగే నిలబడ్డాడు. గుడ్డ ఎత్తిన చెయ్యి గాల్లో ఉంది. దులపలేదు.

గదిలో ఎవరి ఊపిరి ఎలా నడుస్తోందో నిప్పక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కొన్నాళ్ళుగా ఆమెకు అదే పని. కూతురి ఊపిరి వినిపిస్తోంది, తన పిల్లికూతల ఊపిరి వినిపిస్తోంది. ఆయన దగ్గర్నుంచి ఏమీ వినిపించలేదు. ఆయుష్షంతా దాంట్లో పొర్లిన మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

పాప గింజుకుని ఆయన చెయ్యి తోసేసింది. ఆయన గుడ్డను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నిద్రపోయే పిల్లను దించినట్టు బల్ల మీదకు దించాడు. ఆ తర్వాత గానీ గాలి పీల్చలేదు.

"మామయ్యా," అంది కూతురు. ఆమె గొంతు మారిపోయింది. "పాప ముక్కెందుకు మూశావు?"

"ఏం లేదమ్మా. అలవాటు."

"ఏం అలవాటు?"

"పీచు సంచులు దులిపేటప్పుడు... మొహం పక్కకి తిప్పి, నోరు మూసుకుని... చేరిన కొత్తలో ముసలి మేస్త్రీ నేర్పాడు. నేను నా కింద వాళ్ళకి నేర్పాను. అందరం చేసేవాళ్ళం. ఊరికే..."

"ఊరికే?"

కూతురు పాపను చంకనేసుకుంది. పాప చేతిలో బొమ్మ ఉంది, దాని నెత్తిన తెల్ల జుట్టు ఉంది. కూతురు ఆ బొమ్మను లాక్కుని, విసరబోయి, ఆగి, మెల్లగా బల్ల మీద పెట్టింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తున్న పిల్లతో కూతురు వీధిలోకి దిగి, కొట్టు షట్టరు సగానికి దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మామయ్యకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. పుట్టాక అది మొదటిసారి.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు.

"నాకు ఈ గుడ్డ పరిచిన రోజు గుర్తుందా?" అంది నిప్పక్క. గట్టిగా అనడానికి ఓపిక లేదు, అవసరమూ లేదు. "నువ్వే పరిచావు. ముడత లేకుండా నువ్వే సర్దావు. రోజూ దులుపుకోవే, శుభ్రంగా ఉంటుంది అన్నావు. మొహం పక్కకి తిప్పుకోమని ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే..." అని ఆగాడు.

"చెబితే?"

"చెబితే నువ్వు తీసుకునేదానివి కాదు."

ఆయన ఆ మాట అబద్ధం కలపకుండా అన్నాడు. అందుకే ఆమెకు అసహ్యమేసింది. చెల్లెలికి ఏదో ఒకటి ఇవ్వాలి, ఇచ్చానని నలుగురిలో అనిపించుకోవాలి. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉండాలి. ఆ చెయ్యి పైన ఉండడానికి ఇన్నేళ్ళూ ఆమె కింద కూర్చుని దుమ్ము తింది. పగవాడు చేసి ఉంటే తిట్టి ఊరుకునేది. ఇది ప్రేమతో చేసిన పని, దీన్ని ఏమని తిట్టాలో ఆమెకు కూడా తెలియలేదు.

కిటికీ గూట్లో బట్టల మీద నీళ్ళు చిమ్మే సీసా ఉంది. కళ్ళతో చూపించింది.

"తీసుకో. తడుపు."

"నువ్వు లోపలికి రావే. నేను చూసుకుంటా."

"నేనెందుకు? నాలో చేరాల్సింది చేరింది. ఇక్కడే కూర్చుంటా. ఒక్క మూల పొడిగా వదిలినా నాకు తెలుస్తుంది."

ఆయన సీసా అందుకుని చిమ్మడం మొదలుపెట్టాడు. ఒక వరస తడిపి, మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి వదిలి, మళ్ళీ బిగబట్టి ఇంకో వరస. ఆమె వింటూ కూర్చుంది. పాత గుడ్డ నీళ్ళు తాగి నల్లబడుతోంది. అంచులూ, కింద వేలాడే పీచులూ, బొమ్మ జుట్టు కూడా తడిపించింది. ఉతికిన కోట్లకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు తీయించి, పైన కప్పించి, వాటి మీద చల్లారిన ఇస్త్రీ పెట్టె బరువు పెట్టించింది. అయినా కోపం ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గాలని ఆమెకు లేదు కూడా.

"అయిపోయిందే," అన్నాడు ఆయన. ఒక్కసారిగా ముసలాడైపోయాడు. "మున్సిపాలిటీకి నేనే వెళ్ళి చెప్పొస్తా."

"ముందు బేకరీకెళ్ళు. పొయ్యి దగ్గర వాడు రోజూ దాంతోనే చేతులు దులుపుకుంటాడు. తర్వాత వెల్డింగ్ షాపు. ఇంకా ఎవరెవరికి పంచిపెట్టావో నీకే తెలుసు."

ఆయన షట్టరు కిందినుంచి ఒంగి బయటకు వెళ్ళబోతూ ఆగి వెనక్కి తిరిగాడు. వెలుతురు వీపు మీద పడుతోంది, మొహం కనిపించడం లేదు.

"వాళ్ళకేమని చెప్పనే?"

"నాకు చెప్పనిది చెప్పు," అంది నిప్పక్క.

ఆయన వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె చెవులు రిక్కించి వింది. ఈల వినపడలేదు.